చిప్ప మునిగేలోపు

ఆ వేసవిలో నేను విడిచిన నిట్టూర్పు ఒకటి పదకొండు బంగారు రేకుల్ని గాల్లోకి లేపింది.

రేకుల గదిలోకి మగవాళ్ళం వెళ్ళం. వెళ్ళకూడదని ఎక్కడా రాసి లేదు. సమ్మెట వేసి వచ్చినవాడి ఒళ్ళు ఆవిర్లు కక్కుతూ ఉంటుంది, ఊపిరి బుసలు కొడుతూ ఉంటుంది, అందుకని. ఆ గది కిటికీలు ఎప్పుడూ మూసే ఉంటాయి. ఫ్యాను ఉండదు. మాండలే ఎండల్లో, తారు రోడ్డు చెప్పుల్ని పట్టుకుని వదలని రోజుల్లో, ముగ్గురు ఆడవాళ్ళు ఆ పెట్టెలాంటి గదిలో కూర్చుని, మేం కొట్టి పంపిన బంగారాన్ని కొమ్ము పుల్లతో ఎత్తి, వెదురు కాగితం మీద పరిచి, చదరంగా కోస్తారు. ఆ రేకుని వేలితో ముట్టుకుంటే వేలికే అంటుకుపోతుంది, మళ్ళీ రాదు. గుడికి వెళ్ళే భక్తులు వాటిని కొని బుద్ధుడి విగ్రహానికి అద్దుతారు. ఆ ముగ్గురిలో ఒకతె నా భార్య, మ న్యో.

ఆ రోజు నా కుడి భుజం లేవలేదు. ఇంటికి పోతున్నానని చెబుదామని ఆ గది తలుపు జానెడు తీశాను. మ న్యో తల ఎత్తకుండా ఒక వేలు చూపించి ఆగమంది. పెళ్ళాం వేలు చూపిస్తే ఆగాల్సి వచ్చిందని నాకు ఒళ్ళు మండింది. ఒక్క నిట్టూర్పు విడిచాను. అంతే. ముగ్గురి జుట్టులోనూ, కనుబొమ్మల మీదా, చెమట పట్టిన నా గుండెల మీదా బంగారం.

మ న్యో పక్కన కూర్చున్న మ టిన్ లే, "కో లూన్, రేపటి నుంచి ఆ ఊపిరి ఇంట్లో పెట్టి రావయ్యా," అంది.

సాయంత్రం డా సేన్ యీ పిలిపించింది. మేం బంగారం కొట్టే కొట్టం ఆమెది; పెద్దావిడ గనక పేరుకి ముందు 'డా' అంటాం. ఆమె భర్తే నాకు పని నేర్పాడు, ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. కుర్చీ జరిపి కూర్చోమంది, ఊరేసిన టీ ఆకు పళ్ళెం ముందు పెట్టింది. అప్పుడే అర్థమైంది నాకు. నెలలో నేను కొట్టే రేకుల కట్టలు రెండు పగిలాయట. సమ్మెట నడిమధ్యన పడకుండా అంచు మీద పడుతోందట. రేకుల సంగతి ఎత్తనే లేదు.

"కసోన్ పున్నమి దాకా చూద్దాం, లూన్," అంది, అంటే వైశాఖ పున్నమి దాకా. "ఆ రోజుకి భుజం కుదురుకుంటే నీ రాయి నీదే. లేకపోతే నేనేం చెయ్యను, నువ్వే చెప్పు."

తలుపు నుంచి రెండో రాయి నాది. ముప్పై ఒక్క ఏళ్ళు దాని ముందు నిలబడ్డాను. నాలుగో తరగతిలో నన్ను బడి మాన్పించి ఆ కొట్టంలో వేశారు; మా అన్నని మాన్పించలేదు. నాకు చదవడం వచ్చు గాని ఆలస్యంగా వస్తుంది. ఆ రాయి పోతే నేను ఫలానా అని చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు.

మా పనికి గడియారం ఉండదు. నీళ్ళ తొట్టిలో కొబ్బరి చిప్ప తేలుతూ ఉంటుంది, అడుగున సూది మొనంత చిల్లి. నీళ్ళు ఎక్కి చిప్ప మునుగుతుంది. పక్కనున్నవాళ్ళు దాన్ని తీసి మళ్ళీ తేలేస్తారు. ఇన్ని చిప్పలకి ఒక విడత. జింక తోలులో చుట్టిన కట్టని రాతికి బిగించి, ఆ విడతంతా కొడుతూనే ఉండాలి. తలకి చురుకు పుట్టినా, చెయ్యి మొద్దుబారినా, చిప్ప మునిగేలోపు సమ్మెట దించినవాణ్ణి నేను చూడలేదు. మా వీధిలో ఎవరూ చూడలేదు.

ఊ ఫో థిట్ మా ఆవిడకి మేనమామ. వయసులో ఉన్నప్పుడు చేతులకి తాళ్ళు చుట్టుకుని పందేల్లో కొట్లాడినవాడు. ఇప్పుడు రైలు పట్టాల పక్కన ఇనప రేకుల పాక కింద చాప పరిచి, అరిగిన ఒళ్ళకి నూనె రాస్తాడు. నా చెయ్యి పట్టుకుని ఎగాదిగా చూశాడు.

"ఇది నీదేనా, డా సేన్ యీ దగ్గర అద్దెకి తెచ్చావా?" అన్నాడు. తర్వాత, "వదులు," అన్నాడు.

"వదిలాను."

"వదల్లేదు. నేను ఎత్తుతుంటే నువ్వూ ఎత్తి నాకు సాయం చేస్తున్నావు. నాకు సాయం వద్దు, అల్లుడూ. బరువు కావాలి."

మూడు రోజులు అదే తంతు. నేను వదిలానంటాను, ఆయన చెయ్యి గాల్లో వదిలేస్తాడు, అది కొయ్యలా గాల్లోనే నిలబడుతుంది, పక్క చాపల మీద వాళ్ళు నవ్వుతారు. నాలుగో రోజు మధ్యాహ్నం ఏమైందో తెలియదు, చెయ్యి దబ్బుమని చాప మీద పడింది. ఆ తర్వాత నాకు ఏమీ గుర్తు లేదు. లేచేసరికి చొంగ కారి చెవి తడిసింది. ఎన్నేళ్ళయిందో అలా పడుకుని. ఒంట్లో ఎముకలన్నీ ఎవరో తీసి కడిగి మళ్ళీ పెట్టినట్టుంది.

బాగుపడ్డాననుకుని ఇంటికి బయల్దేరాను. మలుపులో ఒక మోటారు సైకిలు అడ్డం వచ్చింది. ఇంటి దగ్గరికి వచ్చేసరికి భుజం మళ్ళీ చెవి కిందికి చేరిపోయింది.

మర్నాడు ఊ ఫో థిట్‌తో చెబితే ఆయన ఆశ్చర్యపోలేదు. తాను రోజూ వదులు చేసి పంపగలడట. దారిలో దాన్ని మళ్ళీ బిగించే మనిషి ఒకడున్నాడట, వాణ్ణి పట్టుకోవడం నూనెతో అయ్యే పని కాదట. "నీళ్ళ పండక్కి ఎలాగూ కొట్టం మూస్తారు. నది దాటి వెళ్ళి పది రోజులు కూర్చుని రా," అన్నాడు. ముందు రోజు రాత్రి అన్నం దగ్గర మ న్యో కూడా సరిగ్గా ఈ మాటే అంది. మేనమామా మేనకోడలూ కూడబలుక్కున్నారని నాకు తెలుసు. చెయ్యి అరిగినవాణ్ణి ధ్యానానికి పంపించడం మా ఊళ్ళో మామూలే. డాక్టరు దగ్గరికి పంపడం కన్నా తేలిక.

ఊరంతా గొట్టాలు పట్టుకుని ఒకరి మీద ఒకరు నీళ్ళు కొట్టుకుంటున్న రోజుల్లో నేను నది అవతల కొండల్లో, గోధుమరంగు లుంగీ కట్టుకుని, ఒక పెద్ద హాల్లో చాప మీద కూర్చున్నాను. తెల్లారకముందే గంట. మధ్యాహ్నం తర్వాత తిండి లేదు. మాటలు లేవు. పొట్ట ఉబ్బినప్పుడు 'లేస్తోంది' అనుకోవాలి, తగ్గినప్పుడు 'పడుతోంది' అనుకోవాలి. నడిచేటప్పుడు పాదం ఎత్తడం, జరపడం, పెట్టడం, ఇవి చూసుకోవాలి. మనసు ఎటు పోయినా, పోయిందని ఎరిగి వెనక్కి రావాలి. ఇంతే పని. ఇంత తేలికైన పనికి ఇంతమంది ఎందుకు అవస్థ పడుతున్నారో నాకు అర్థం కాలేదు.

మొదటి రెండు రోజులూ అద్భుతంగా గడిచాయి. కళ్ళు మూయగానే ఒళ్ళు తేలిపోయేది. ఊ ఫో థిట్ చాప మీద దొరికిన హాయే ఇక్కడా దొరికింది, నూనె కూడా లేకుండా. మూడో రోజు సయడో దగ్గరికి వెళ్ళి చెప్పుకునే వంతు వచ్చింది. సయడో అంటే అక్కడి పెద్ద భిక్షువు; పొట్టి మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, చేతిలో తాటాకు విసనకర్ర. మూడు సార్లు మొక్కి, నాకు చాలా హాయిగా ఉందని, దూది మీద కూర్చున్నట్టుందని చెప్పాను.

"గురక కూడా వినిపించింది, దాయకా," అన్నారు. భిక్షువులు గృహస్థుల్ని అలాగే పిలుస్తారు.

నాకు మొహం కందిపోయింది. ఆయన వెక్కిరించడం లేదు. అలిసిన ఒంటికి నిద్ర కావాలని, మొహమాటపడకుండా పడుకోమని చెప్పారు. "దానికి ధ్యానమని పేరు మాత్రం పెట్టకు," అన్నారు.

ఆ మాట నన్ను పొడిచింది. మర్నాటి నుంచి నేను మళ్ళీ పనివాణ్ణయ్యాను. చిప్ప మునగడానికి ఎంతసేపు పడుతుందో నా ఎముకలకి తెలుసు. పొట్ట లేవడం ఒక దెబ్బ, పడటం ఒక దెబ్బ. లెక్క పెట్టుకుంటూ కూర్చున్నాను. రెండు చిప్పలు, మూడు, నాలుగు. నా ముందు కూర్చున్న బియ్యం వ్యాపారి అటూ ఇటూ కదిలేవాడు, పక్కన బడిపంతులు కాలు మార్చుకునేవాడు. మెత్తని బతుకులు అనుకున్నాను. నా మోకాళ్ళలో మేకులు దిగుతున్నా కదల్లేదు. భుజం మండిపోతున్నా కదల్లేదు. ఆరో రోజు సయడో ముందు మొక్కి, ఆరు చిప్పల సేపు కదలకుండా కూర్చున్నానని చెప్పాను. చిప్ప అంటే ఏమిటో ఆయనకి చెప్పాల్సిన పని లేదు. మాండలే చుట్టుపక్కల ఎవరికీ చెప్పనక్కర్లేదు.

"నొప్పి వచ్చిందా?"

"వచ్చింది సయడో. అణగ్గొట్టాను."

"దేంతో?"

నా కుడి అరచేతి కాయల్ని చూసుకున్నాను.

"సమ్మెట గేటు దగ్గర దించి వస్తావనుకున్నాను," అన్నారు. కాసేపు విసురుకున్నారు. "ముప్పై ఏళ్ళు ఆ చిప్పని చూశావు కదా దాయకా. మునిగే ముందు అది ఏం చేస్తుంది?"

"మునుగుతుంది," అన్నాను.

"అంతకు ముందు."

"చూడలేదు, సయడో. ఎప్పుడు మునుగుతుందా అని మాత్రమే చూశాను."

ఆయన చిన్నగా నవ్వి తర్వాతి మనిషిని పిలిచారు. బోధ ఏమీ చెయ్యలేదు. చేసి ఉంటే ఒక చెవితో విని వదిలేసేవాణ్ణి. ఆ ప్రశ్న పట్టుకుని ఇవతలికి వచ్చి, తక్కిన నాలుగు రోజులూ లెక్క మానేశాను.

శాంతి దొరికిందని చెప్పను. దొరికిందేమిటో చెబుతాను. పొట్ట లేచేది, దాంతోపాటు ఒక మొహం లేచేది. మా అన్న మొహం, ఇస్త్రీ చొక్కాతో. పక్క రాయి దగ్గర నా కన్నా గట్టిగా కొట్టే కుర్రవాడి మొహం. టీ ఆకు పళ్ళెం ముందుకు జరుపుతున్న డా సేన్ యీ. వేలు చూపించి ఆగమన్న మ న్యో. మొహం కనపడగానే దవడ బిగిసేది, ఆ వెంటనే భుజం చెవి దగ్గరికి ఎక్కేది. ప్రతిసారీ అదే వరస. ముప్పై ఒక్క ఏళ్ళు నేను ఆ రాతి మీద ఎవరెవర్ని పెట్టి కొట్టానో అప్పుడు వరసగా చూశాను. చూడదగ్గ తమాషా కాదు. పదో రోజుకి నీరసం వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి వీధులు ఇంకా తడిగా ఉన్నాయి. మ న్యో బుగ్గల మీద చందనం ఎండి పెచ్చులు కడుతోంది. ఎలా ఉందని అడిగింది. పది రోజులు పోయాయి, భుజం అలాగే ఉందని చెప్పాను. వెళ్ళి కూర్చుంటే అన్నీ పోతాయని ఊదరగొట్టారు గాని అక్కడ ఉన్నదల్లా ఊపిరి చూసుకోవడమే అన్నాను.

ఆమె పకపకా నవ్వింది.

"మేం ముగ్గురం రోజూ పొద్దుట్నుంచి సాయంత్రం దాకా చేసేది అదే కదయ్యా. ఊపిరి ఎటు పోతోందో తెలియకపోతే రేకు నిలవదు. మాకెవరూ గోధుమరంగు లుంగీ ఇవ్వలేదు."

కోపం వచ్చింది. వచ్చిందని తెలిసింది. అది దవడ దగ్గరే ఆగింది, భుజం దాకా ఎక్కలేదు. అది చిన్న సంగతే. కానీ నేను మాట అనకపోవడం చూసి ఆమె నవ్వు ఆపింది. నా పక్కన కూర్చుంది. అక్కడ నాకు లేచిన మొహాల గురించి చెప్పాను, ఆమె మొహంతో సహా. చెబితే నొచ్చుకుంటుందనుకున్నాను.

"నాకూ ఊపిరి తెలిసేది ఆ గదిలోనే," అంది. "గడప దాటానంటే పోతుంది. ఇంటికొచ్చాక నా ఊపిరి ఎక్కడుందో నాకు తెలీదు. లేకపోతే నువ్వు అరిచిన ప్రతిసారీ నేనెందుకు అరుస్తాను? ఆ కూర్చోవడం ఏదో నాకూ చూపించు."

అలా కసోన్ నెల పడింది. పొద్దున్నే ఇద్దరం చాప మీద ఒక చిప్ప సేపు కూర్చునేవాళ్ళం, మాకు మామూలు గడియారం ఉన్నా సరే. మధ్యాహ్నం ఊ ఫో థిట్ చాప. ఇప్పుడు చెయ్యి అడగ్గానే పడుతోంది. పడటమే కాదు, భుజం మళ్ళీ ఎక్కేటప్పుడు ఎక్కుతోందని తెలుస్తోంది, దారిలోనే దించుకోగలుగుతున్నాను. ముసలాయన మురిసిపోయాడు. "నేను తుడిచిన ఇంటికి వాళ్ళు దీపం పెట్టారు," అని నది అవతలి వాళ్ళ గురించి తన చాప మీద వాళ్ళందరికీ చెప్పాడు. తన వంతు తగ్గకుండా చూసుకోవడం ఆయనకి బాగా తెలుసు.

పున్నమికి రెండు రోజుల ముందు డా సేన్ యీ నాకు ఆఖరి విడత కట్ట ఇచ్చింది. అన్నిటికన్నా ఎక్కువ చిప్పలు పట్టేది అదే. తోలు బిగించి, చేతులకి సుద్ద రాసుకుని, తొట్టి వైపు ఒకసారి చూసి మొదలుపెట్టాను.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ కొట్టలేదు. సమ్మెట తన బరువుతోనే తాను దిగుతోంది. ఎత్తేటప్పుడు ఎంత కావాలో అంతే పట్టుకుంటున్నాను. రాతి మీద ఎవరూ లేరు, జింక తోలు తప్ప. పక్క రాయి కుర్రవాడు నా వైపు చూడటం తెలిసింది. రేకుల గది తలుపు జానెడు తెరుచుకుని మళ్ళీ మూసుకోవడం తెలిసింది. గట్టెక్కాననుకున్నాను. అలా అనుకున్నానని కూడా తెలిసింది.

తొమ్మిదో చిప్పలో నొప్పి వచ్చింది. ముందు సూది, తర్వాత నిప్పు, తర్వాత చివరి రెండు వేళ్ళూ లేనట్టే అయిపోయాయి. ఎప్పుడూ ఈ చోటుకి వచ్చాక కోపం వచ్చి నన్ను ఆదుకునేది. దాని మీద ఎక్కి మిగతా విడతంతా లాగించేసేవాణ్ణి. ఆ రోజూ వచ్చింది. లేచింది, నేను దాన్ని చూస్తూ కొడుతూనే ఉన్నాను, పడింది. అది పక్కకి తప్పుకున్నాక వెనకాల ఏముందో కనపడింది. భుజం అయిపోయింది. బిగుసుకోవడం కాదు, అలసట కాదు. లోపల ఏదో అరిగి అరిగి చివరికొచ్చింది, చాలా కాలం కిందటే. దాన్ని వదులు చెయ్యడానికి ఇక ఏమీ మిగల్లేదు.

తొట్టి వైపు చూశాను. చిప్ప నిండా నీళ్ళు ఎక్కాయి. అంతదాకా ఊగుతూ ఉన్న చిప్ప ఊగడం ఆపింది. అంచూ నీళ్ళూ ఒకే గీత అయ్యాయి. ఇంకా మునగలేదు. అలా ఉంది, అంతే.

సమ్మెట కింద పెట్టాను.

అప్పుడు మునిగింది.

పక్క రాయి దగ్గర ఒక దెబ్బ తప్పింది, మళ్ళీ అందుకుంది. డా సేన్ యీ లేచి వచ్చి నా ముందు నిలబడింది. ఆమె కళ్ళలో ఒక రకమైన భయం ఉంది, గుళ్ళో ఎవరైనా తూలి పడితే చూసినట్టు.

"ఏమైంది లూన్?"

"అయిపోయిందమ్మా."

"నువ్వు దించేసరికి చిప్ప మునగలేదుగా."

"మునగలేదు," అన్నాను. "చూశాను."

ఇది మంచి కథలా వినిపిస్తుందేమో. ఆ తర్వాత మూడు రోజులు నేను మంచం దిగలేదు. పున్నమి నాడు వీధంతా బోధి చెట్టుకి పోసే నీళ్ళ కుండలు నెత్తిన పెట్టుకుని గుడికి వెళుతుంటే గోడ వైపు తిరిగి పడుకున్నాను. టీ కొట్టు దగ్గర, లూన్ ధ్యానానికి వెళ్ళి చెయ్యి పారేసుకొచ్చాడని చెప్పుకున్నారు. మా అన్న వచ్చి, ముందే ఏదైనా చదువుకుని ఉంటే బాగుండేదని సలహా చెప్పి వెళ్ళాడు. దవడ బిగిసింది. చాలాసేపు బిగిసే ఉంది. తెలిస్తే మాత్రం అన్నిసార్లూ వదులవుతుందని ఎవరు చెప్పారు.

నా రాయిని పక్క రాయి కుర్రవాడి అన్నకి ఇచ్చారు. గట్టివాడే.

జ్యేష్ఠం రాకముందే మ టిన్ లే నిండు నెలలతో పని మానేసింది. రేకుల గదిలో ఒక చోటు ఖాళీ అయింది. మ న్యో ఎవరితోనూ ఆలోచించకుండా వెళ్ళి నా పేరు చెప్పింది. ఆ గదిలో మగవాణ్ణి కూర్చోబెట్టడం ఎక్కడా లేదని డా సేన్ యీ అందట. చిప్ప మునగకముందు సమ్మెట దించడం కూడా ఎక్కడా లేదు కదా అని మా ఆవిడ అందట. మ టిన్ లే పొట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఈసారైనా ఊపిరి ఇంట్లో పెట్టి వస్తాడా అని అడిగిందట.

"తెచ్చుకుంటాడు," అందట మ న్యో. "ఎక్కడుందో చూసుకుని తెచ్చుకుంటాడు."

ఆ పొద్దున కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళాను. తలుపు మూశారు. వానలు ఇంకా పడలేదు. రెండు నిమిషాల్లో వీపంతా నీళ్ళు. గోడ అవతల సమ్మెటలు పడుతున్నాయి, రెండో రాయి చప్పుడు నాకు విడిగా తెలుస్తోంది. భుజం దానికదే లేవబోయింది. ఊ ఫో థిట్ చాప మీద పడేసినట్టు దాన్ని కిందికి పడేశాను. మ న్యో నా ఎడం చేతిలో కొమ్ము పుల్ల పెట్టి, కాగితం మీద ఒక రేకు పరిచి నా ముందుంచింది.

ఊపిరి బిగబట్టాను.

"బిగబట్టకు," అంది, పెదవులు కదలకుండా. "కొత్తవాళ్ళందరూ అదే చేస్తారు. బిగబట్టాక వచ్చేది గాలివాన."

వదిలాను. మెల్లగా వచ్చింది, మెల్లగా పోయింది. రేకు అంచు ఒక వెంట్రుక వాసి లేచింది. లేవడం చూశాను. మళ్ళీ కాగితం మీదికి పడింది.

మ న్యో తల ఎత్తలేదు. రెండో రేకు నా ముందుకి జరిపింది.